కందిరీగ తిప్పిన బాణం

"ఈ మూల మనం చూశామా, చూడలేదా?" అని అమ్మ అడిగింది.

నాన్న వంగి గోడ మీద వెతికాడు. మోకాలి ఎత్తున తెల్ల చాక్‌పీసు గీత కనిపించింది. "చూశాం. ఈ గీత నాదే."

పదకొండయినా పొగమంచు వీడలేదు. ఆ పేటలో సందులన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎటు చూసినా బూడిదరంగు గోడలు, మూసిన తలుపులు. గంట నుంచి తిరుగుతున్నా ఒక్క మనిషి ఎదురుపడలేదు.

వాళ్ళు ఆ ఊరికి వచ్చి ఎనిమిది రోజులే అయింది. రేపటి నుంచి అమ్మ సిటీ బస్సు నడపాలి. బస్సెక్కే ముందు ఊరిని కాళ్ళతో తెలుసుకోవాలని ఆమె పట్టుబట్టింది. నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఆయన ఏ జేబులో చెయ్యి పెట్టినా చాక్‌పీసు ముక్క తగులుతుంది. దారి తప్పకుండా మలుపు మలుపుకీ గుర్తు పెట్టాలన్నది ఆయన ఆలోచనే. నాన్నది తెలుపు, అమ్మది నీలం, కూతురిది ఎరుపు.

కూతురికి పదేళ్ళు. కాలు ఒకచోట నిలవదు, ఎవరైనా మాటంటే ఊరుకోదు. అందుకే ఇంట్లో అందరూ కందిరీగ అంటారు. కుక్క నల్లగా ఉంటుంది కాబట్టి దాని పేరు బొగ్గు. ఆ పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

నాలుగు సందులు కలిసే చోట ఒక కుళాయి, ఒక బెంచీ ఉన్నాయి. అమ్మ అక్కడ కూర్చుని నోట్‌బుక్కులో మ్యాపు గీయడం మొదలుపెట్టింది.

"ఈ పక్క సందు చూసి రానా?" అంది కందిరీగ.

"బొగ్గు తాడు వదలకు. పిలిస్తే పలకాలి," అంది అమ్మ.

సందు మొదట్లోనే గోడ మీద ఒక బాణం ఉంది. సందు చివర ఇంకొకటి ఉంది. అది ఎడమవైపు చూపిస్తోంది. రెండూ ఎర్ర చాక్‌పీసుతో గీసినవే.

కందిరీగ చటుక్కున ఆగింది. ఆ సందులోకి ఆమె రావడం ఇదే మొదటిసారి. వేలితో తాకితే ఎర్రపొడి అంటుకుంది. బొగ్గు ఆ గోడను వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎవరక్కడ?" అంది కందిరీగ.

పొగమంచులో ఎక్కడో ఒక తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆమె ఎడమకి వెళ్ళకుండా కుడికి తిరిగి పరుగెత్తింది. ఆ దారి చుట్టూ తిరిగి మళ్ళీ బెంచీ దగ్గరికే వచ్చింది.

"నాన్నా, అక్కడెవరో నా రంగుతో బాణాలు గీశారు."

నాన్న నవ్వాడు. "నీకు తప్ప ఎర్ర చాక్‌పీసు ఇంకెవరికుందే? నువ్వే గీసి నన్ను భయపెడదామని చూస్తున్నావు."

కందిరీగకు ఒళ్ళు మండింది. గీసినవాళ్ళను పట్టుకుని తీరాలనుకుంది. రుమాలు కుళాయి కింద తడిపి, మళ్ళీ సందు చివరికి వెళ్ళింది. బాణం మొన తుడిచేసింది. తన చాక్‌పీసుతో రెండో కొసకు మొన గీసింది. ఇప్పుడు బాణం కుడివైపు చూపిస్తోంది. దాన్ని నమ్మినవాళ్ళు ఎవరైనా తిరిగి తిరిగి బెంచీ ముందుకే వస్తారు.

వెళ్ళి ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

టక్. టక్. టక్.

ఎదురు సందులోంచి ఒక ముసలాయన వచ్చాడు. పొడవాటి కోటు, చేతికర్ర, చంకలో కాగితం సంచీ. వాళ్ళను చూసి ఆగాడు.

"రొట్టె వేడిగా ఉంది. చల్లారకముందే ఇంటికి చేరాలి," అన్నాడు. పక్క సందులోకి వెళ్ళిపోయాడు.

ముసలాయనకు బాణాలతో పనేముంటుందని కందిరీగ ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పావుగంట తర్వాత మళ్ళీ టక్, టక్ వినిపించింది. ఈసారి కుడి సందులోంచి. అదే కోటు, అదే సంచీ. ఆయన అదే చోట ఆగాడు.

"రొట్టె వేడిగా ఉంది. చల్లారకముందే ఇంటికి చేరాలి." అవే మాటలు. మళ్ళీ పక్క సందులోకే వెళ్ళాడు.

అమ్మ పెన్ను ఆపింది. "ఇందాక అటు వెళ్ళిన మనిషి ఇటునుంచి ఎలా వచ్చాడు?"

"ఏమో. నాకూ వింతగానే ఉంది," అన్నాడు నాన్న. ఆయన ఇప్పుడు నవ్వడం లేదు.

ఎలా వచ్చాడో కందిరీగకు తెలుసు. చెబితే తిట్లు తప్పవు. ఈసారి ఆయనే దారి కనుక్కుంటాడులే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

ఆయన మూడోసారీ వచ్చాడు. మంచుకు కోటు తడిసిపోయింది. సంచీ అడుగున చిరిగి రొట్టె అంచు బయటికి కనిపిస్తోంది. ఆయన వాళ్ళ వంక చూశాడు కానీ, ముందు చూసిన గుర్తు ఆ ముఖంలో ఎక్కడా లేదు.

"రొట్టె వేడిగా ఉంది," అన్నాడు. మిగతా మాట అనలేక పక్క సందులోకి నడిచాడు.

ఆ తర్వాత ఆయన రాలేదు.

కందిరీగ చెవులు రిక్కించింది. కర్ర చప్పుడు లేదు. ఇందాకటిదాకా ఆయన మళ్ళీ వస్తాడేమోనని భయపడింది. ఇప్పుడు రావడం లేదని భయం వేసింది. బొగ్గు సందు వైపు చూస్తూ సన్నగా మూలిగింది.

"అమ్మా, ఆయన దారి తప్పింది నా వల్లే," అంది. తుడిచిన సంగతీ, గీసిన సంగతీ అంతా చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

అమ్మ తిట్టలేదు. నోట్‌బుక్కు మూసి లేచింది. "ముందు ఆయన ఎక్కడున్నాడో చూద్దాం పదండి."

ఆయన సందు చివరే ఉన్నాడు. గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, వేలితో బాణాన్ని తడుముతున్నాడు. వాళ్ళ అడుగులు విని కూడా తిరగలేదు.

"బాణం తప్పు కాదు. మా ఆవిడ తప్పు గీయదు," అన్నాడు గోడతో. "నా బుర్రే చెడిపోయింది. ఇక రేపటి నుంచి గడప దాటను."

నాన్న కందిరీగ వైపు చూశాడు. ఆమె నిజం చెప్పకపోతే ఆ ముసలాయనకు ఎప్పటికీ తెలియదు. తన బుర్రనే తిట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటాడు.

కందిరీగ ముందుకు వెళ్ళింది. "తాతగారూ, మీ బుర్రకేం కాలేదు. బాణం నేను తిప్పాను."

ఆయన నెమ్మదిగా తిరిగాడు. "నువ్వా? నిజంగా నువ్వేనా?"

"నేనే. తప్పయిపోయింది."

"అయితే నేను సరిగ్గానే నడిచానా?"

"సరిగ్గానే నడిచారు తాతగారూ. మూడుసార్లూ."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కందిరీగ తడి రుమాలుతో తన గీత తుడిచి, బాణాన్ని ఎప్పటిలా ఎడమకి తిప్పింది. నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బొగ్గు ముందు నడిచింది.

ఇంకో రెండు బాణాలు దాటాక ఆకుపచ్చ తలుపు వచ్చింది. గుమ్మంలో ఒక మామ్మగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వేళ్ళకు ఎర్రపొడి ఉంది.

"పది నిమిషాల దారి. గంట నుంచి ఇక్కడే నిలబడ్డాను," అంది. "ఈ మోకాళ్ళు ఇంకోసారి అంత దూరం నడవనిస్తే నేనే వెతుక్కుంటూ వచ్చేదాన్ని. ఈయనకి తిరిగొచ్చే దారి గుర్తుండదు. అయినా రొట్టె తేవడం మాత్రం తన పనే అంటాడు. అందుకే రోజూ పొద్దున్నే ఇంత దూరమూ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి బాణాలు గీసొస్తాను."

కందిరీగ ఆమెకూ ఉన్నదంతా చెప్పింది. మామ్మగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆయన్ని లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

తర్వాతి ఆదివారం పొగమంచు అలాగే ఉంది. తెల్లవారేదాకా వాన పడింది. కందిరీగ నాన్ననూ బొగ్గునూ లేపి ఆ పేటకు తీసుకెళ్ళింది. అనుకున్నట్టే గోడల మీద ఒక్క బాణం లేదు.

ఆమె జేబులో ఎర్ర చాక్‌పీసు ఉంది. బయటికి తీయలేదు. నేరుగా వెళ్ళి ఆకుపచ్చ తలుపు తట్టింది.

"మామ్మగారూ, వానకి బాణాలు చెరిగిపోయాయి. మీరు ఊఁ అంటే నేను గీస్తాను. ఎటు తిప్పాలో మీరే చెప్పండి."

మామ్మగారు తలుపు బార్లా తీసింది. తర్వాత ఒక్కో మలుపూ చెప్పింది. కందిరీగ తిరిగి ఆమెకు అప్పజెప్పాకే గీయడానికి వెళ్ళింది.

గీయడం అయ్యాక బెంచీ మీద నాన్న పక్కన కూర్చుంది. పొగమంచులో టక్, టక్ వినిపించింది. ఆయన వచ్చి ఆగాడు. ఆమెను గుర్తుపట్టలేదు.

"రొట్టె వేడిగా ఉంది. చల్లారకముందే ఇంటికి చేరాలి."

సంచీ ముందుకు చాపాడు. కందిరీగ తాకి చూసింది. నిజంగానే వేడిగా ఉంది.

ఆయన పక్క సందులోకి వెళ్ళాడు. కందిరీగ బొగ్గు మెడ మీద చెయ్యి వేసి వింటూ కూర్చుంది. కర్ర చప్పుడు సందు చివరిదాకా వెళ్ళి, ఒక క్షణం ఆగి, ఎడమకి తిరిగింది. కాసేపటికి దూరంగా ఒక తలుపు తెరుచుకున్న చప్పుడైంది.