బాణం ఆగిన చోటు

వ్యాన్ దొరికింది. మనిషి దొరకలేదు.

మూడు రోడ్లు కలిసే కూడలి దగ్గర, మట్టి అంచు మీద, తలుపులు బార్లా తీసి నిలబడి ఉంది వాటర్ ల్యాబ్ వ్యాన్. వెనక శాంపిల్ సీసాలు పెట్టుకునే ట్రే ఖాళీ. ముందు సీట్లో కెమిస్టు కళ్లజోడు. పక్కన డ్రైవర్ ఒక్కడే. అంతే.

అది నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుకి.

ఇప్పుడు ఉదయం తొమ్మిదీ నలభై. కెమిస్టు కనబడకుండా పోయి ఇరవై రెండు గంటలు కావస్తోంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చోలేదు. కేసు తేలేదాకా ఆవిడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. స్టేషన్‌లో వెనకాల అందరూ ఆవిణ్ణి 'కాలుగాలిన పిల్లి' అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కిటికీ దగ్గర్నుంచి బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి తలుపు దాకా తిరుగుతూనే ప్రశ్నలు వేస్తుంది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు."

ఎదురుగా వ్యాన్ డ్రైవర్ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిన్న చెప్పాను కదా మేడం."

"ఇవాళ చెప్పు."

"కాలవ వెంట అక్కడక్కడా ఆగి నీళ్లు పట్టుకున్నాం. పదకొండున్నర దాటాక జీపీఎస్ హ్యాంగ్ అయింది. మ్యాప్‌లో బాణం గుర్తు ఉన్నచోటే బిగుసుకుపోయింది. మా ల్యాబ్ ఆఫీసరు గారికి తెర ఫోటో తీసి పెట్టాను."

"ఎన్నింటికి?"

"పదకొండూ నలభై రెండు."

"తర్వాత?"

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు ముందుకి పోయాం. ఓ పన్నెండు కిలోమీటర్లు. కూడలి దగ్గర మా కెమిస్టు మేడం దిగారు, దారి అడిగొస్తానని. ఎంతకీ రాలేదు. అక్కణ్ణుంచే ఇంకో ఫోటో పెట్టాను, జీపీఎస్ ఇంకా కదల్లేదని. పన్నెండూ ముప్పై ఒకటికి."

"ఎటు వెళ్లింది?"

"పొలాల వైపు."

"మేం వచ్చేసరికి జీపీఎస్ ఆఫ్‌లో ఉంది. ఎవరు ఆపారు?"

"నేనే. పనిచెయ్యని దాన్ని ఆన్‌లో ఉంచి ఏం లాభం మేడం?"

సమాధానాలు తడబడకుండా వచ్చాయి. నిన్న చెప్పినవే. మాట పొల్లుపోలేదు.

గోడవార బెంచీ మీద కెమిస్టు భర్త కూర్చున్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. వేళ్లకి ఎర్ర సిరా. రాత్రంతా ఇక్కడే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు తిరిగింది. "నిన్న పొద్దున మీ ఇంట్లో గొడవ జరిగిందట. పక్కింటివాళ్లు చెప్పారు."

"జరిగింది." ఆయన దాచలేదు. "ఆ కాలవ సంగతి వదిలెయ్యమన్నాను. వినలేదు. నేను కూడా నోరు జారాను. వెళ్లేటప్పుడు వెళ్లొస్తానని కూడా చెప్పలేదు."

"ఏమిటా కాలవ సంగతి?"

జవాబు ల్యాబ్ ఆఫీసర్ ఇచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రుమాలు, నుదుట చెమట. "నెల రోజులుగా కాలవలో ఏదో కెమికల్ కలుస్తోంది. చేపలు చచ్చి తేలుతున్నాయి. ఎక్కడ కలుస్తోందో పట్టుకోవాలని ఆవిడ పంతం."

"మీరేమన్నారు?"

"కొన్నాళ్లు ఆగమన్నాను."

"ఎందుకు?"

"పై నుంచి ఒత్తిడి. అంతకంటే ఏం లేదు, నా పిల్లల మీద ఒట్టు."

ఒట్లు వినే ఓపిక ఇన్‌స్పెక్టర్‌కి లేదు. గోడ మీది గడియారం చూసింది. తొమ్మిదీ యాభై. కూడలి చుట్టూ నాలుగు కిలోమీటర్లు జల్లెడ పట్టారు. ఏమీ లేదు. పోలీసు కుక్క వ్యాన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, అక్కడే చతికిలబడింది. ఎండకి అలిసిపోయిందన్నారు. కెమిస్టు ఫోన్ స్విచాఫ్. టవర్ డేటా సాయంత్రానికి గానీ రాదు.

"ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టండి."

ఆఫీసర్ తన ఫోన్లో తెరిచాడు. స్టేషన్ రైటర్ వంగి చూశాడు. "రెండూ ఒకటే మేడం. అదే మలుపు, అదే బాణం. అచ్చు గుద్దినట్టున్నాయి."

"మీరు చూడండి." ఫోన్ తీసుకుని భర్త చేతికిచ్చింది ఇన్‌స్పెక్టర్. "తప్పులు వెతకడం మీ వృత్తి."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అలవాటు కొద్దీ పై వరస నుంచి మొదలుపెట్టి అక్షరం అక్షరం చూశాడు.

"మ్యాప్‌లో తేడా లేదు. పైన మూలకి గడియారం ఉంది కదా. ఇందులో 11:42. ఇందులో 12:31. అంతే."

"వేరే వేరే టైముల్లో తీసినవి కదండీ, ఆ మాత్రం తేడా ఉండదా?" విసుక్కున్నాడు ఆఫీసర్.

ఇన్‌స్పెక్టర్ నడక ఆగిపోయింది.

మూడు సెకన్లు. తర్వాత బల్ల మీది టోపీ అందుకుంది.

"అందరూ వ్యాన్ ఎక్కండి. డ్రైవర్, నువ్వే నడపాలి. జీపీఎస్ ఆన్ చెయ్. రైటర్, జీపులో నలుగుర్ని తీసుకుని మా వెనకే రా. అంబులెన్స్‌ని కాలవ రోడ్డుకి రమ్మను."

* * *

పదీ ఇరవై రెండు.

జీపీఎస్ చక్కగా పనిచేస్తోంది. వ్యాన్‌తో పాటే తెర మీద బాణం కదులుతోంది. ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ పక్క సీట్లో అంచు మీద కూర్చుని, వేళ్లతో డాష్‌బోర్డు వాయిస్తోంది. వెనక భర్త, ఆఫీసర్.

"నిన్న మొరాయించింది ఇవాళ బాగానే నడుస్తోందే."

"ఒక్కోసారి దానంతటదే బాగవుతుంది మేడం."

"ఫోటోలోని మలుపు ఎంత దూరం?"

"దగ్గర్లోనే."

"అక్కడ ఎడమ పక్కకి తిప్పి లోపలికి పోనీ."

"గేటుకి తాళం ఉంటుంది మేడం."

"ఏ గేటు?"

డ్రైవర్ మొహం తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. రోడ్డుకి రెండు వైపులా పొదలు తప్ప ఏమీ కనబడటం లేదు. గేటు కనబడాలంటే ఇంకో మలుపు తిరగాలి.

తిరిగారు.

పాతబడిన ఐసు ఫ్యాక్టరీ. పదేళ్లుగా మూతపడినట్టుంది. ఎత్తయిన గోడ, తుప్పు పట్టిన గేటు. లోపల మందపాటి కాంక్రీటు కప్పుతో పెద్ద షెడ్డు. గేటు తాళం మాత్రం కొత్తది. జీపు దిగిన కానిస్టేబుల్ రెండు దెబ్బల్లో పగలగొట్టాడు. పెరటి వైపు ఎవడో పరుగు తీశాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెంటపడ్డారు.

వ్యాన్ షెడ్డులోకి వెళ్లింది. ఘాటు వాసన గుప్పుమంది. వరసగా నీలం డ్రమ్ములు. వాటి కిందనుంచి కాలవ వైపు సాగిన గొట్టం.

"ఇంజన్ ఆపకు. తెర చూడండి అందరూ."

బాణం ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ వ్యాన్‌ని షెడ్డులో ఇంకో ఇరవై అడుగులు ముందుకి నడిపించింది. బాణం కదల్లేదు.

మూలన గడియారం 10:31 చూపించింది. కాసేపటికి 10:32 అయింది.

"హ్యాంగ్ అయితే అన్నీ ఆగిపోతాయి, గడియారంతో సహా," అంది ఇన్‌స్పెక్టర్. "నిన్న గడియారం నడిచింది. అంటే యంత్రం బాగానే ఉంది, దానికి శాటిలైట్ సిగ్నల్ అందలేదంతే. కప్పు కిందకి వచ్చింది కాబట్టి. బయట పన్నెండు కిలోమీటర్లు తిరిగి ఉంటే బాణమూ తిరిగేది. రెండో ఫోటో నువ్వు కూడలిలో తియ్యలేదు. పన్నెండూ ముప్పై ఒకటికి కూడా వ్యాన్ ఇక్కడే ఉంది. బయటికి రాగానే అది మళ్లీ పనిచేసి నీ గుట్టు బయటపెడుతుందని ఆపేశావు. కుక్క అలిసిపోలేదు. ఆవిడ ఆ కూడలిలో అడుగే పెట్టలేదు."

భర్త ముందుకి వంగి డ్రైవర్ భుజం పట్టుకున్నాడు. "ఎక్కడుంది? ముందది చెప్పు తమ్ముడూ. ఎక్కడుంది?"

డ్రైవర్ స్టీరింగ్ మీదకి ఒరిగిపోయాడు.

"ఐసు గదిలో. ఆ చివర."

* * *

తలుపు జానెడు మందం. బయట ఇనప కడ్డీ. ముగ్గురు కలిసి లాగితే గానీ ఊడలేదు.

గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది కెమిస్టు. పెదవులు ఎండిపోయాయి. వెలుతురుకి కళ్లు చికిలించింది. ముందు భర్తని గుర్తుపట్టింది.

"వచ్చారా?"

ఆయన పక్కనే కూలబడి ఆవిడ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

బయట, బేడీలు వేసిన మనిషిని లాక్కొచ్చారు కానిస్టేబుళ్లు. డ్రైవర్ పోలికలే, పదేళ్లు పెద్ద.

"మా అన్న," అన్నాడు డ్రైవర్ తల ఎత్తకుండా. "డ్రమ్ములు వాడివి. ఎవరెవరో పారబొయ్యమని ఇస్తారు. నాకు నిన్నటిదాకా తెలీదు మేడం. గొట్టం చూసి, గేటు తీసే ఉందని కెమిస్టు మేడమే లోపలికి పోనివ్వమన్నారు. జీపీఎస్ ఆగిందని మొదటి ఫోటో పెట్టమన్నదీ ఆవిడే. తర్వాత అన్న వచ్చాడు. ఫోన్ లాక్కుని తోసి తలుపేశాడు. సీసాలన్నీ పగలగొట్టాడు. రెండ్రోజులు ఉంచి బతిమాలుకుందాం, నువ్వు నోరెత్తితే ఇద్దరం జైలుకే అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ రైటర్‌కి సైగ చేసింది. రైటర్ పుస్తకం తెరిచాడు.

అంబులెన్స్ వాళ్లు కెమిస్టుని స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తున్నారు. ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. గొంతు జీరగా ఉంది.

"తెల్లారగట్ల ఊపిరాడలేదు. అప్పుడు గోడ కన్నంలో కుక్కిన బిరడా ఎవరో బయటనుంచి పీకారు. గాలొచ్చింది. అవతల దగ్గు వినిపించింది. ఇతని దగ్గే. రెండేళ్ల నుంచి పక్క సీట్లో వింటున్నాను. అది కూడా రాసుకోండి."

డ్రైవర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"రాస్తాం," అంది ఇన్‌స్పెక్టర్. "కానీ అక్కడి దాకా వచ్చినవాడు తలుపు తియ్యలేదు. ఉదయం నా ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పాడు."

కెమిస్టు డ్రైవర్ని చూసింది. కోపం ఉందో, జాలి ఉందో, ఆవిడకే తెలిసినట్టు లేదు.

"అదీ రాయండి," అంది. "రెండూ రాయండి."