వెనకడుగు లేని బంటు

పెట్టెలో రెండు చొక్కాలు, టై, గడ్డం గీసుకునే సామాను, చదరంగం నిబంధనల పుస్తకం సర్దాక, భార్య ఒక జత ఊలు తొడుగులు తెచ్చి మూలకి దూర్చింది. ఆడవాళ్ల తొడుగులు. ఎక్కడికని అడగలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఎప్పుడూ అడగలేదు.

"కనబడితే ఇవ్వండి. దాని చేతులు ఊరికే చల్లబడిపోతాయి," అంది. పెట్టె మూసి, మళ్ళీ తెరిచి, తొడుగులు ఉన్నాయని చూసుకుని మళ్ళీ మూసింది. "ఈసారి ఒక్కరే రాకండి."

అతను తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గడియారం అంటారు. ఏ పనికీ నిమిషం ఆలస్యం చేసినవాడు కాడు. తొడుగులు భార్య చెల్లెలికి. నాలుగేళ్ల క్రితం ఆమెను డబుల్ ఏజెంట్‌గా విదేశీ గూఢచారి ముఠాలోకి పంపింది అతనే.

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగిసింది. అవతలి దేశంలో పనిచేస్తున్న మన ఏజెంట్లు పదమూడు మంది. వాళ్ల పేర్లు మైక్రోఫిల్మ్‌కి ఎక్కాయి. ఆ ఫిల్మ్ సరిహద్దు దాటితే పదమూడు ఉరితాళ్లు సిద్ధం. సరిహద్దులో మనవాళ్లు ప్రతి పెట్టెనూ గాలిస్తున్నారు, ఇక్కడ జరుగుతున్న చదరంగం టోర్నమెంటు కవర్లను తప్ప.

సాయంత్రానికి తేలని ఆటను మర్నాటికి వాయిదా వేస్తారు. వంతు ఉన్న ఆటగాడు తన ఎత్తును కాగితం మీద రాసి కవరులో పెట్టి సీలు వేస్తాడు. ఏ పావు ఏ గడిలో ఉందో కవరు మీద బొమ్మ గీస్తారు. మర్నాడు పదింటికి ఆట న్యాయనిర్ణేత, అంటే ఆర్బిటర్, తెరిచేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. తెరిచాక ఖాళీ కవరు జట్టు మేనేజరు జ్ఞాపకంగా ఉంచుకోవడం అక్కడి ఆనవాయితీ. అవతలి దేశపు జట్టు మేనేజరే ముఠా నాయకుడు.

"నాలుగు కవర్లలో ఒకదాని మడతలో ఫిల్మ్. ఏదన్నది నీ మరదలు చెబుతుంది. మాటలు కుదరవు. ఎలాగోలా చెబుతుంది."

"తనని తెచ్చేయనా?"

చీఫ్ కిటికీలోంచి చూశాడు. "వెనక గేటు దగ్గర కారు. పదీ పావుదాకా ఆగుతుంది."

నెరిసిన విగ్గు, మందపాటి కళ్లద్దాలు, డిప్యూటీ ఆర్బిటర్ బ్యాడ్జ్. మూడు రోజులు టోర్నమెంటు హాల్లో అతను ఆట గడియారాలకు కీ ఇచ్చాడు. మరదలు టోర్నమెంటు దుబాసీ. నల్ల పట్టు గౌను, ముత్యాల దండ. ఫోటోగ్రాఫర్లు ఆటగాళ్లను వదిలేసి ఆమె వెంటపడ్డారు. ఆమె అతని వైపు ఒక్కసారీ చూడలేదు.

నాలుగో రోజు పొద్దున్న, పదికి పది నిమిషాలుండగా, అతను సేఫ్ తెరిచాడు. ఒక్క సీలు విప్పి మళ్ళీ అతికించేంత వ్యవధే ఉంది. కవర్ల మీది బొమ్మలు దుబాసీ గీసినవే. మొదటిది సబబుగా ఉంది. రెండోదీ అంతే. మూడో దాంట్లో ఒక తెల్ల బంటు మొట్టమొదటి వరసలో నిలబడి ఉంది.

బంటు రెండో వరసలో పుడుతుంది. మొదటి వరసకు రావడం అసాధ్యం. ఈ ఆట వందల ఏళ్లు దేశాలు తిరిగింది, తిరుగుతూ రూల్సు మార్చుకుంది. ఒకప్పుడు మూలగా ఒక్క గడే కదిలే మంత్రికి బల్లంతా తిరిగే బలమిచ్చారు. బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్లిచ్చారు. వెనకడుగు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పెళ్లైన కొత్తలో పదేళ్ల మరదలికి ఆట నేర్పింది అతనే. ఓడిపోతుంటే బంటును చాటుగా వెనక్కి జరిపేది. బంటు వెనక్కి నడవదే అంటే, "అలిసిపోయింది బావా, ఇంటికొచ్చేసింది," అనేది.

పెన్ను క్యాప్‌లోని బ్లేడు సీలు కిందకి దిగింది. ఫిల్మ్ పెన్నులోకి, పెన్నులోని ఖాళీ ఫిల్మ్ కవరులోకి. చివరగా, ఎవరికీ అనుమానం రాకుండా, ఆ బంటును బ్లేడుతో గీకేసి పెన్నుతో ఒక గడి ముందుకు దిద్దాడు.

పదింటికి కవర్లు తెరిచారు. మేనేజరు తన కవర్లతో తెర వెనక్కి వెళ్లాడు. మరదలు వెనక గేటు వైపు నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు పడేలోపు మేనేజరు మూడో కవరు చేత్తో పట్టుకుని, తెల్లబోయిన మొహంతో తిరిగొచ్చి ఆమెను పిలిచాడు. పొద్దున్న సేఫ్ ముట్టిందెవరో అడగమన్నాడు.

ఆమె అడిగింది. ప్రధాన ఆర్బిటర్ మన భాషలో, "మా డిప్యూటీ ఒక్కడే," అన్నాడు.

ఆమె వాళ్ల భాషలోకి తిప్పింది. ఆ భాష అతనికీ వచ్చు.

"పొద్దున్న ఎవరూ ముట్టలేదట. రాత్రి సీలు వేశాక కవర్లు నా దగ్గరే కాసేపు ఉన్నాయట."

అతను నోరు విప్పితే పదమూడు మంది పోతారు. గడియారానికి కీ ఇస్తూ ఉండిపోయాడు. మేనేజరు మర్యాదగా ఆమె మోచెయ్యి పట్టుకుని ముందు తలుపు వైపు నడిపించాడు. ఆమె చేతులు రెండూ ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

పదీ పావుకి, నిమిషం ఆలస్యం కాకుండా, అతను ఒక్కడే కారెక్కాడు.

నెల తిరిగేసరికి పదమూడు మందీ క్షేమంగా స్వదేశం చేరారు. రిపోర్టు చివర ఇతర విషయాలు అన్న చోట అతను ఒకే వాక్యం రాశాడు: దుబాసీ అనువాదంలో ఒక పొరపాటు దొర్లింది. తొడుగులు పెట్టె మూలలోనే ఉన్నాయి. భార్య వాటిని తీయలేదు.

మరదలు తిరిగి రాలేదు. ఆమె ఆ తలుపు దాటింది మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పదీ పదికి.