పైనా? కిందా?

తోళ్ల ఫ్యాక్టరీ వెనకున్న పాత బేస్‌బాల్ మైదానం వైపు పొద్దు వాలాక మా ఊళ్లో ఎవరూ పోరు. చెక్కల కంచె లోపల్నుంచి చప్పుడొస్తుంది... ధబ్. కాసేపాగి మళ్లీ — ధబ్.

అది ఒకప్పుడు మా క్లబ్బుకి బంతులు విసిరిన క్విల్టీ దెయ్యమే అనేవాళ్లు. బయట నిలబడి "పైన!" అని అరిస్తే బంతి చెక్కకి పైన తగిలేది. "కింద!" అంటే కింద. ఆ రోజుల్లో మా ఆటలో రూలు అదేగా, బ్యాటు పట్టినవాడు ఎక్కడ అడిగితే అక్కడే విసరాలి. చచ్చినా రూలు తప్పట్లేదు పాపం, అనుకునేవాళ్లం.

వాడికా గతి పట్టించింది లుట్జ్, మా క్లబ్బు ఓనరు. ఆ పేరెత్తితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది! సీజనంతా రోజూ క్విల్టీ చేతే విసిరించాడు. భుజం వాచిపోయి కోటు తొడుక్కోలేకపోతే నేనే తొడిగేవాణ్ణి. బ్యాటువాడి వెనక నిలబడి వాడి బంతులు వట్టి చేతుల్తో పట్టీ పట్టీ వేళ్లు వంకర్లుపోయింది నాకే మరి. చివరికి ఆ కుడిచెయ్యి లేవనని మొరాయిస్తే, "తాగి నాటకాలాడుతున్నాడు" అని లుట్జ్ పేపర్లో వేయించాడు. దుర్మార్గుడు! ఇక ఏ ఊరి క్లబ్బూ వాణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో పోయాడని కబురొచ్చింది.

ఇప్పుడు లుట్జ్‌కి ఆ మైదానం అమ్ముకోవాలి. దెయ్యం ఉందని కొనేవాడు జంకాడు.

"రారా డోలన్, నీ జతగాడేగా! వాడి సంగతేంటో తేల్చేద్దాం," అని నన్ను లాక్కెళ్లాడు.

మసకచీకటి. తలుపు తోశాం. చప్పుడు ఆగిపోయింది. దూరంగా ఒక నీడ... కదల్లేదు.

లుట్జ్ పొగరు మాత్రం తగ్గలేదు. బ్యాటు పట్టేవాడు నిలబడే చోటికెళ్లి, "కింద! విసరరా తాగుబోతా!" అని అరిచాడు. నేను అలవాటుకొద్దీ వాడి వెనక వంగి నిలబడ్డాను.

వచ్చింది బంతి... లుట్జ్ మోకాలు రాసుకుంటూ. నా అరచెయ్యి భగ్గుమంది. దెయ్యం బంతికి ఇంత మంటా? పైగా — అది ఎడమచేతి బంతి.

"క్విల్టీ..." నేను లేచి నిలబడ్డాను. "బతికే ఉన్నావట్రా?"

"పోయానని కబురు నేనే పంపా," నీడ బొంగురుగా అంది. "ఆ పేరుతో నన్నెవడు రానిస్తాడు? వేరే పేరుతో ఆడదామని, ఎవడూ రాని ఈ చోట ఎడమచేత్తో నేర్చుకుంటున్నా."

లుట్జ్‌కి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ చెయ్యీ నాదే! రేపట్నుంచి నాకే విసరాలి."

క్విల్టీ మెల్లగా చెయ్యెత్తాడు.

"పైనా... కిందా?"

లుట్జ్ ఒకడుగు వెనక్కేశాడు.

"చెప్పకపోతే నా ఇష్టం సారూ."

వాడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది బంతి. లుట్జ్ టోపీ అక్కడే వదిలేసి కంచె తలుపుకేసి పరుగెత్తాడు.

మర్నాడు మంగలిషాపులో లుట్జే అందరికీ చెప్పాడు — దెయ్యమే, కళ్లారా చూశానని. తాగుబోతని తను వెళ్లగొట్టినవాడికి జడిసి పారిపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? నన్నడిగితే నేనూ ఒట్టేసి అవునన్నాను.

ఆ సాయంత్రం మళ్లీ వెళ్లి క్విల్టీకి ఎదురుగా వంగి నిలబడ్డాను.

"పైన," అన్నాను.