ఎల్లక్క చూపెట్టిన తెల్ల మచ్చ

తెల్లవారగానే, తడిబట్టలో చుట్టి ఉంచిన బీడీల తునికాకు విప్పి చూసుకోవడం బుచ్చవ్వకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ రోజూ చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. కానీ చేతులు ఆడితేగా! లోపల కూతురు రాజమణి సంచి సర్దుకుంటోంది. సాయంత్రం కోరుట్లలో బొంబాయి బస్సు ఎక్కాలి. అదీ బుచ్చవ్వ తన బీడీ కార్మికుల కార్డు ఇస్తేనే.

క్యాన్సర్ మీద పరిశోధన చేయించే బొంబాయి సంస్థ ఒకటి, ఇంట్లో తొలిసారి చదువుకున్న కూలివాళ్ల పిల్లలకు మూడేళ్లు జీతమిచ్చి శాస్త్రవేత్తలుగా నిలబెడుతుందట. అక్కడికి దరఖాస్తు పెట్టుకున్న రాజమణి, తల్లి కూలిపని చేస్తుందని ఇంటర్వ్యూలో రుజువు చూపించాలి. కార్డు లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

నాలుగు రోజుల కింద రాజమణి ఇంట్లో లేనప్పుడు ఇంటర్వ్యూ ఉత్తరం వస్తే, బుచ్చవ్వ సంబరంగా తీసుకెళ్లి ఎవరిచేత చదివించిందనుకున్నారు? బీడీ కార్ఖానా గుమస్తా లింగమూర్తి చేత! ఆ వాడలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది ఆయనే మరి. తంబాకు వల్ల బీడీలు చేసే ఆడవాళ్ల నోళ్లలో వచ్చే రాచపుండు మీద పరిశోధన అని ఆయన నలుగురిలో పైకి చదివాడు. నీ బిడ్డ కార్ఖానా మూయించేదాకా ఊరుకోదని నవ్వాడు కూడా. అంతే, ఆ పూట నుంచి బుచ్చవ్వ అరుగు మీదికి బీడీలు చుట్టే ఆడవాళ్లెవరూ రాలేదు. దాంతో బుచ్చవ్వ కార్డు దాచేసింది.

ఒకప్పుడు ఆ అరుగు ఎంత కళగా ఉండేది! బుచ్చవ్వ, ఆమె అక్క ఎల్లక్క ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుడుతుంటే, నడుమ చిన్నారి రాజమణి పాఠం పైకి చదివేది. ఎల్లక్క దవడన సున్నం కలిపిన చిటికెడు తంబాకు పెట్టుకుని, పిల్ల తప్పు చదివితే పట్టేసేది. అక్షరమ్ముక్క రాని మనిషి! వినీ వినీ ఆమె కూడా ఐదో తరగతి పాసైందని వాడంతా ఆటపట్టించేది. ఎల్లక్క రాచపుండుతో పోయాక ఆ కళా పోయింది.

రాజమణి వచ్చి పక్కన కూర్చుని కార్డు అడిగింది.

"మనకు బువ్వ పెట్టిన పనిని పాడు పనని రాస్తివి. వాడకట్టుల నేనెట్ల తలెత్తుకోవాలె?" అంది బుచ్చవ్వ, ఆమె వైపు చూడకుండా.

"పాడు పనని రాయలే అవ్వా. పని చేసేటోళ్ల నోళ్లు ముందుగాల్ల చూడాలని రాసిన. పెద్దవ్వను పట్నం దవాఖానకు తీస్కపోయిననాడు డాక్టరేమన్నడు? ఆర్నెల్ల కింద, తెల్ల మచ్చగున్నప్పుడే తెస్తే బతుకుతుండె అన్నడు. అప్పుడు గా మచ్చ సంగతి మనకెవ్వలికెరుక?"

బుచ్చవ్వ చేతిలో ఆకు చినిగింది. ఎనిమిదేళ్లుగా కడుపులో దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"నాకెరుక బిడ్డా. అక్క ముందుగాల్ల నాకే చూపెట్టింది. దవడకు తెల్లగైంది చూడవే అంటే, సున్నం ఎక్కువై పొక్కిందేమో, జర పసుపు పెట్టుకో, పండుగ ముంగట పని చెడగొట్టకని కసిరిన. మళ్ల నాకు చూపెట్టలే."

రాజమణి చాట పక్కకు జరిపి, తల్లి చేయి తన చేతిలోకి తీసుకుంది.

"తెల్వక అన్నవు అవ్వా. గా తెల్వకపోవుడు మీదనే నా కొట్లాట."

బుచ్చవ్వ లేచి, బియ్యం డబ్బాలోంచి కార్డు తీసి కూతురి ఒళ్లో పెట్టింది. పోయేముందు తన నోరు చూడమంది. తాను డాక్టరును కానని రాజమణి చెప్పినా వినలేదు. పొద్దు పొడుపుకు ఎదురుగా కూర్చుని నోరు తెరిచింది. రాజమణి రెండు దవడలూ నింపాదిగా చూసి, మచ్చ ఏదీ కనిపించలేదని, అయినా దవాఖానలో చూపించుకోవాలని చెప్పింది.

ఆ మాట వినగానే బుచ్చవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క పోయిననాడు కూడా అంత ఏడవలేదు. నాలుగు రోజులుగా మాట్లాడని ఎదురింటి సమ్మవ్వ, ఏం జరిగిందోనని ఉరికొచ్చింది. బుచ్చవ్వ కళ్లు తుడుచుకోకుండానే ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది.

"నీ నోరు గూడ చూపెట్టు వదినె. నా బిడ్డ నా లెక్క కసురదు."