రాజగురువును తిట్టని మనిషి

ఖాజాగూడ బండల మధ్య తేజ శవం దొరికింది. కుడిచేతికి బొటనవేలు లేదు. కోసింది ప్రాణం పోయాక కాదు, ముందే అని డాక్టరు చెప్పాడు. తేజ వేలితో తెరుచుకునే తాళం ప్రపంచంలో ఎక్కడా లేదు. మరెందుకు కోసినట్టు? కట్టర్ పదును చూసుకోవడానికి.

ప్రశాంతి ఆ ఫొటోలు చూసి బోర్లా పెట్టింది. బాత్రూముకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. తేజ, ఆమె ఒకే బ్యాచ్. డిపార్ట్‌మెంట్‌లో ఆమె మనసారా నమ్మినవాడు అతనొక్కడే.

"ఇక పనిలోకి వద్దామమ్మా," అన్నాడు చీఫ్ రామ్మోహనరావు. హైటెక్ సిటీలో పన్నుల కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకుని గూఢచారి శాఖను నడిపే పెద్దమనిషి. ఉరిశిక్షనైనా శుభలేఖ చదివినట్టే చదువుతాడు.

"తేజ విచారిస్తున్నది ఆ కాలకోట ఆన్‌లైన్ గేమ్ గురించే. అందులో కలిసి ఆడే ఒక జట్టు. గిల్డ్ అంటారు. అందులో లోహిత్ అనే కుర్రాడు రాడార్ ల్యాబ్‌లో ఇంజనీరు. అతని మెడలో ఎలక్ట్రానిక్ కీ ఉంటుంది. దాన్ని తెరిచేది అతని బొటనవేలు."

"వేలు దొరికితే సాలు. మనిషితోని పనిలేదు."

"అంతేనమ్మా. విదేశీ ముఠా ఆ జట్టులో తన మనిషిని పెట్టింది. అది నితీష్ అని జ్యోత్స్న చెబుతోంది."

జ్యోత్స్నదీ అదే జట్టు. ఆటలో రుద్రాణి అనే కత్తి వీరురాలు, బయట మోడల్. ముఠా తనను కొనాలని చూసిందంటూ తనంతట తానే శాఖ దగ్గరికి వచ్చి ఇన్ఫార్మర్‌గా చేరింది. ఆమె వచ్చిన రోజు ఆఫీసులో మగవాళ్ళెవరూ భోజనానికి కదలలేదు.

"ఆదివారం వాళ్ళంతా మొదటిసారి ముఖాముఖి కలుస్తున్నారు. నువ్వు గేమ్ కంపెనీ తరఫున సర్వే చేసే అమ్మాయివి. నితీష్‌ని పక్కకి తీసుకెళ్ళి ట్యాబ్ మీద రాసే ఈ స్టైలస్‌తో గుచ్చు, మొనలో మందుంది. ముందు కాళ్ళు, తరువాత చేతులు, చివర నాలుక మొద్దుబారతాయి. సాయంత్రానికి దిగిపోతుంది. మిగతాది మేం చూసుకుంటాం."

ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో ప్రశాంతికి తెలుసు. అయినా తేజను చంపినవాడి మీద ఆమెకి జాలి రాలేదు.

రాయదుర్గం మెట్రో పక్కన టవర్‌లో గేమింగ్ లాంజ్. మధ్యాహ్నపు ఎండ అద్దాల మీద మండుతోంది. ముగ్గురూ ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. ప్రశాంతి ట్యాబ్ తెరిచింది. చెవి కమ్మలో మైకు, చేతిలో స్టైలస్.

"గేమ్‌లో ఏం నచ్చుతుంది, ఏం నచ్చదు? రెండే ప్రశ్నలండి."

లోహిత్ సిగ్గుపడ్డాడు. బక్కపలచని మనిషి, చొక్కా లోపల కీ ఉన్న గొలుసు. "నాది వైద్యుడి పాత్రండి. పడిపోయినవాళ్ళని లేపడం ఇష్టం. బయట నా కోసం ఎవరూ ఆగరు. అక్కడ నేను రాకపోతే యుద్ధమే మొదలుపెట్టరు." అలా అంటూ జ్యోత్స్న వైపు చూశాడు. పాపం, ఆ చూపులో దాపరికమేమీ లేదు.

"ఇగ నచ్చనిది నన్నడుగుండ్రి," అందుకున్నాడు నితీష్. "రాజగురువును కొండ దాటించే క్వెస్ట్ ఉంటది. మనం నడిస్తే, కంప్యూటర్ నడిపే ఆ ముసలోడు ముందలికి పోతడు. ఉరికితే ఎన్కబడతడు. తోడేలు కనబడితే సాలు, నిలవడి దానికి దండం పెడతడు. ఆడు సచ్చిండంటే మళ్ళ మొదటికెల్లి. ఆ ముసలోన్ని రాసినోడు దొరికితే తోడేళ్ళకు నేనే ఏస్త."

లోహిత్ పగలబడి నవ్వాడు. "మా కీబోర్డు విరిగింది ఆయన వల్లేనండి."

జ్యోత్స్న తియ్యగా మూతి ముడిచింది. "పాపం, అలా అంటారేంటి? ఆ తాతగారు సో క్యూట్. ఆయనతో నడవడం నాకు చాలా రిలాక్సింగ్."

ప్రశాంతి చేతిలో స్టైలస్ ఆగిపోయింది.

తేజ ఈ కేసు చూస్తున్న రోజుల్లో ఆమె కూడా కాలకోట ఆడింది. పక్కన కూర్చుని నేర్పింది తేజే. రాజగురువు తోడేలుకి దండం పెట్టిన ప్రతిసారీ ఆమె తిట్టిన తిట్లకి తేజ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నచ్చింది ఎవడైనా చెప్తడు, ఆట పెట్టె మీదనే రాసుంటది," అనేవాడు. "తిట్లు మాత్రం ఆడినోనికే వస్తయి." ఆ కొండ దాటనిదే రుద్రాణి లెవెల్‌కి ఎవరూ చేరరు. జ్యోత్స్న దాటలేదు. ఎవరో ఆడి పెంచిన పాత్రని ముఠా ఆమెకి తొడిగింది.

"నితీష్‌ని బయటికి తీసుకురామ్మా," చెవిలో చీఫ్ గొంతు.

జ్యోత్స్న లేచింది. "లోహిత్, కిందికి రావా? నీ కోసం బండిలో ఒకటి దాచాను."

లోహిత్ ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ లిఫ్టు ఎక్కారు.

"ఆమెనే సార్," అంది ప్రశాంతి తలుపు దాటి. "తేజను సంపింది ఆమెనే. బేస్‌మెంట్ ర్యాంపు మూయించుండ్రి."

"ఆధారం ఏమిటమ్మా?"

"ముసలోన్ని తిట్టలేదు." జవాబు కోసం ఆగకుండా మెట్ల మీదుగా పరుగు తీసింది.

బేస్‌మెంట్‌లో వ్యాన్ తలుపు తెరిచి ఉంది. లోహిత్ ఒక కాలు లోపల పెట్టాడు. లోపలినుంచి ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది, ఇంకో చేతిలో కట్టర్ నోరు తెరిచింది. వేలు ఆ ఇనుప పళ్ళ మధ్యకి చేరిన క్షణంలో ప్రశాంతి అతని కాలర్ పట్టి వెనక్కి లాగి, అదే ఊపులో స్టైలస్‌ని జ్యోత్స్న మెడలో దించింది. వ్యాన్ జ్యోత్స్నని అక్కడే వదిలేసి ర్యాంపు వైపు ఉరికింది. అక్కడ చీఫ్ మనుషులు దానికోసమే నిలబడి ఉన్నారు. లోపల కట్టర్, ఐసు డబ్బా, ఒక ల్యాప్‌టాప్ దొరికాయి.

జ్యోత్స్న నేల మీద కూలింది. ప్రశాంతి ఆమె పక్కన తీరిగ్గా కూర్చుంది.

"కాళ్ళు పోయినయి. ఇగ చేతులు పోతయి, ఆఖరికి ఊపిరి. విరుగుడు నా జేబుల ఉంది. రుద్రాణిని ఆడింది ఎవరు?" జేబులో ఉన్నవి మెట్రో కార్డు, రెండు లవంగాలు.

"ముగ్గురు... మగవాళ్ళు. షిఫ్టుల్లో. చాటింగ్ కూడా వాళ్ళే. ప్లీజ్..."

"తేజ?"

"నచ్చనిది చెప్పమన్నాడు. నాకు తెలియలేదు... అతనికి డౌట్ వచ్చింది..."

"వేలు కోసేటప్పుడు అరిచిండా?"

జ్యోత్స్న నోరు తెరిచింది గానీ నాలుక కదల్లేదు. సాయంత్రానికి దిగిపోతుందన్న మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు చెప్పబోతే ప్రశాంతి వద్దంది. పైన లాంజ్‌లో నితీష్ ఇంకా ముసలివాణ్ణి తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లే తనను కాపాడాయని అతనికి ఈనాటికీ తెలియదు.

లోహిత్ బొటనవేలు పిడికిట్లో దాచుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ముగ్గురి మాట అతనూ విన్నాడు.

"రోజూ మధ్యాహ్నం 'తిన్నావా' అని మెసేజ్ వచ్చేదండి," అన్నాడు. "ఆ ముగ్గురిలో ఎవరు పెట్టేవారో కనుక్కుని చెబుతారా? మగవాడైనా ఫరవాలేదు. నిజంగా అడిగుంటే చాలు."

వ్యాన్‌లో దొరికిన ల్యాప్‌టాప్‌ని ప్రశాంతి అప్పటికే చూసింది. ఆమెకి తేజ గుర్తొచ్చాడు. ఈ మనిషి వేలు ఒంటికి ఉంది, తేజది లేదు. అందుకు ఇతని మీదే కోపం వచ్చింది. అన్యాయమని తెలిసినా వచ్చింది.

"ఎవరూ కాదు. అన్నం యాళకు దానంతట అదే పోయే మెసేజ్ అది. మీ ల్యాబ్‌ల ఇంకా శానామందికి పోతుంది."

లోహిత్ తల వంచుకున్నాడు. అతను ఏడుస్తుంటే ఆమె చూస్తూ నిలబడింది. తరువాత ర్యాంపు ఎక్కి ఎండలోకి వచ్చింది.

కారు దగ్గర రామ్మోహనరావు అంతా మైకులో విని ఉన్నాడు. "ఒక అబద్ధం చెప్పి ఉండాల్సిందమ్మా. మన ఉద్యోగమే అది కదా."

"డ్యూటీ అయిపోయింది గద సార్," అంది ప్రశాంతి.