కంపు కొట్టని మల్లె తైలం

ఇచ్ఛాపురం లాడ్జి గదిలో మంచం మీద రమేష్ శవం ఉంది. ఒంటి మీద గాయం లేదు. కుడిచేతి మీద ఒక్క నూనె చుక్క మాత్రం మెరుస్తోంది. గది నిండా కమ్మటి మల్లె వాసన. అప్పటికింకా ఏజెంట్ హేమంత్‌కి మల్లెపూలంటే ఇష్టమే.

రమేష్ కూడా ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ మనిషే. ప్రాణం పోయేముందు డైరెక్టర్‌కి ఫోన్లో ఒక్క ముక్క చెప్పగలిగాడు. నీలవేణి తమ్ముడి పెళ్లిలో అత్తరు జాగ్రత్త అని.

సంతబొమ్మాళి పక్క జాలరి పేటలో పుట్టిన నీలవేణి నేవీ సైంటిస్టు. శత్రు సబ్‌మెరైన్లను పసిగట్టే సోనార్ ఆమె బుర్రలో పుట్టింది. ఆమె పోతే ఆ ప్రాజెక్టూ పోయినట్టే. విదేశీ ముఠాకి కావలసిందీ అదే.

"అత్తరు వచ్చేది కాశీబుగ్గ యూనిట్ నుంచి. కూలీగా చేరు," అన్నాడు డైరెక్టర్. "అక్కడ పెర్‌ఫ్యూమర్ సంజన మన మనిషే. కోడ్, 'మొగ్గలు విచ్చాయా?' జవాబు, 'పొద్దు వాలనీ.'"

"నీలవేణిగారికి ముందే చెప్పేస్తే?"

"చెబితే ఆమె రాదు. ఆమె రాకపోతే హంతకుడు దొరకడు."

ఎరగా వాడుకుంటున్నామన్నమాట. హేమంత్‌కి మొదటి వికారం అక్కడే పుట్టింది.

రెండో వికారం కాశీబుగ్గలో. జీడిపిక్కలు కాల్చి మానేసిన పాత షెడ్డే ఆ యూనిట్. మల్లెపూలు ఆవిరి వేడికి తట్టుకోవు కనుక సాల్వెంట్‌లో నానబెడతారు. సాల్వెంట్ ఎగిరిపోయాక మిగిలే మైనం ముద్దను కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే వచ్చే చిక్కటి తైలం అబ్సల్యూట్. పిండేసిన పూలను పారతో ఎత్తిపోయడం హేమంత్ డ్యూటీ. కుళ్లిన పూల జిగురు గోళ్లలోకి దిగేది. అన్నం ముద్ద నోటి దగ్గరికి వస్తే కడుపులో తిప్పేది.

కోడ్ వర్డ్‌కి సరిగ్గా జవాబిచ్చిన సంజన పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో సినిమా పోస్టర్‌లా ఉండేది. ఒకరోజు అబ్సల్యూట్ సీసా అతని ముక్కు కింద పెట్టింది. అతను బయటికి పరిగెత్తి కక్కుకున్నాడు. అందులో ఇండోల్ ఉంటుందని, అదే పదార్థం మలంలోనూ ఉంటుందని, చందనం నూనెలో పలచన చేస్తే తప్ప అది పరిమళం కాదని ఆమె నవ్వుతూ వివరించింది. దీన్నా జనం నేచురల్ అని ఎగబడి కొనేది, అనుకున్నాడు హేమంత్. ఛీ.

పెళ్లినాడు జాలరి పేట పందిట్లో సంజన అత్తరు రాసే పని తీసుకుంది. హేమంత్ ఆమె పక్కన ఇత్తడి పళ్లెం పట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరి మీదా కన్నేసి, అనుమానం వస్తే సైగ చేస్తానని ఆమె చెప్పింది. అతని జేబులో విషాన్ని పసిగట్టే పెన్ను ఉంది. ఢిల్లీ ఏసీ గదిలో తయారైన ఆ పెన్ను, పందిరి పక్కన ఆరబెట్టిన ఎండు చేపలకే కీచుమంది. తిట్టుకుంటూ ఆపేశాడు.

నీలవేణి తల్లి మంగమ్మ వచ్చి సంజనను ఆపింది.

"మా పేటలో పరాయి సేతి అత్తరు ఊరికే రాయించుకోం తల్లీ. రాసినోలు ముందు తమ సేతికి రాసుకోవాల."

సంజన నవ్వి, తన చేతికి రాసుకుని, గాజు పుల్లతో అందరి చేతులకూ రాయసాగింది. చందనంలో కలిపినా ఆ మల్లె కంపు హేమంత్ గొంతులోకి వస్తూనే ఉంది.

నీలవేణి వచ్చింది. సంజన సంచిలోంచి ఇంకో సీసా తీసింది.

"మేడమ్‌కి స్పెషల్. కల్తీ లేని అబ్సల్యూట్."

మూత తీసింది. హేమంత్ ఊపిరి బిగబట్టి, కక్కుకోవడానికి సిద్ధపడ్డాడు. కడుపులో ఏమీ తిరగలేదు. కమ్మటి వాసన. లాడ్జి గదిలో వాసన.

గాజు పుల్ల నీలవేణి చేతికి బెత్తెడు దూరంలో ఉంది.

"మేడమ్, కొత్త సీసా గదా," అన్నాడు హేమంత్, కూలీ గొంతుతోనే. "ముందు మీ సేతికి రాసుకోవాల. పెద్దమ్మ సెప్పింది."

పుల్ల ఆగింది. "అవునమ్మా, పద్దతి పద్దతే," అంది మంగమ్మ. వరసలో ఉన్న ఆడవాళ్లంతా సంజన చేతివైపే చూశారు. మరుక్షణం సంజన సీసాను నీలవేణి మీదికి విసిరింది. హేమంత్ పళ్లెం అడ్డుపెట్టాడు. సీసా ఖంగుమని తగిలి ఇసుకలో పడింది. మేళగాళ్ల వేషంలో ఉన్న కమాండోలు డోళ్లు వదిలేసి సంజనను పట్టుకున్నారు.

"మల్లె అంటేనే నీకు అసహ్యం," అంది ఆమె పళ్లు బిగించి. "నువ్వెలా పట్టావు?"

"అసహ్యం కాబట్టే. అసలు సరుకు కంపు కొడుతుంది. నీది కొట్టలేదు."

రమేష్ నీ చేతిలోనే పోయాడు కదా అని అడిగాడు. పెళ్లి సంగతి వాడికి తెలిసిపోయింది మరి, అందామె. డిపార్ట్‌మెంట్ జీతం తింటూ విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన ఆ మొహం చూడబుద్ధి కాక హేమంత్ అవతలికి నడిచాడు.

మంగమ్మ వదల్లేదు. కూతుర్ని కాపాడిన కుర్రాడని కళ్లు తుడుచుకుంటూ, మొదటి సీసాలోని అసలు అత్తరు అతని రెండు చేతులకూ, మెడకూ, చొక్కాకూ దండిగా పట్టించింది.

వద్దనలేకపోయాడు. జీపు వచ్చేదాకా హేమంత్ ఎండు చేపల పక్కనే కూర్చుని, హాయిగా గాలి పీల్చుకున్నాడు.