అర అంగుళం తగ్గిన కూజా

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. సన్నని జల్లు పడుతోంది; గాలి లేదు. అంత పొద్దున్నే అపరాధ పరిశోధకురాలి తలుపు తట్టినవారు ఆ ఏడాదిలో ఎవరూ లేరు కాబట్టి, మేష్టారు టీ గ్లాసు కింద పెట్టి తానే వెళ్లి తీశాడు. మేష్టారు ఆమె సహాయకుడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఆమె వేసే లెక్కలు చూసి ముచ్చటపడటమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. ఊళ్లోవాళ్లు ఆమెను టేపు మేడమ్ అంటారు. చేతిసంచిలో దర్జీ టేపు లేకుండా ఆమె గడప దాటదు.

వచ్చినావిడకు నలభై అయిదేళ్లుంటాయి. ముంజేతుల మీద పొయ్యి కాల్చిన పాత మచ్చలు.

"నేను మోసగత్తెనని మ్యూజియం కమిటీవాళ్లు రేపు సాయంత్రం ఆరింటికి తీర్మానం చేస్తారటండీ," అంది కూర్చోకుండానే. "నన్ను ఏమన్నా అననీయండి. కానీ వంటగది మూసేస్తారు. నాలుగేళ్లు అందులోనే బతికాను."

ఆమె రొట్టెలు చేసే మనిషి. ప్రాచీన ఈజిప్టు ఆలయాల్లో దేవుడి ముందు పెట్టిన నైవేద్యాలను, ఆనాటి పద్ధతిలోనే మళ్లీ తయారుచేయడానికి మ్యూజియం ఆమెను నియమించింది. శంకువు ఆకారపు మట్టి అచ్చుల్లో కాల్చే రొట్టె, దాంతోపాటు బార్లీ బీరు. రెండింటికీ ప్రాణం, వాటిని పులియబెట్టే ఒకే తోడుపిండి. మూడువేల ఏళ్ల నాటి కూజా రంధ్రాల్లోంచి గీకిన పొడితో, పిండీ నీళ్లూ మేతగా వేస్తూ, ఆమె దాన్ని మేల్కొలిపింది. పదిరోజుల కిందట పరీక్ష చేస్తే అది అంగట్లో పొట్లం కట్టి అమ్మే మామూలు ఈస్ట్ అని తేలింది.

"తోడును ఎవరెవరు ముట్టుకుంటారు?"

"నేనూ, మా మరిదీ. అచ్చులూ కూజాలూ చేసేది వాడే. మా ఆయన పోయేటప్పటికి వాడికి పన్నెండేళ్లు, నేనే పెంచాను. వాడి మీదికి వెళ్లకండి."

"నేనింకా ఎవరి మీదికీ వెళ్లలేదమ్మా. తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"క్యూరేటర్ గారి దగ్గర. ఆయనకు ఆ గది మీద కన్నుంది. పోస్టుకార్డుల దుకాణం పెడతారట."

తొమ్మిదింటికి ముగ్గురూ మ్యూజియం వెనకవైపు వంటగదిలో ఉన్నారు. పొయ్యికి దూరంగా ఒక చెక్క అరమీద తోడుకూజా ఉంది. పరిశోధకురాలు దాన్ని పక్కకు జరిపింది. ఏళ్ల తరబడి చెమ్మ దిగి, చెక్క మీద గుండ్రని నల్లమచ్చ ఏర్పడింది. ఆమె టేపు తీసింది.

"రాసుకోండి మేష్టారూ. మచ్చ ఆరు అంగుళాలు. కూజా అడుగుభాగం అయిదున్నర."

మేష్టారు రాసుకున్నాడు. ఆ అర అంగుళానికి ఆయన బుర్రలో ఏ సమీకరణమూ కుదరలేదు.

తరువాత ఆమె రొట్టెలావిడ నోటుబుక్కు తిప్పింది. కిందటి నెల ఏడో తేదీ దాకా ప్రతిరోజూ ఒకే మాట: పిండి పొంగడానికి తొమ్మిది గంటలు. ఎనిమిది నుంచి పద్నాలుగు వరకు ఖాళీ. పదిహేనున: గంటన్నర. కూజా మూత దాటి పొంగింది. వాన వెలిసి ఉక్కగా ఉంది, అందుకే కావచ్చు.

"ఈ ఖాళీ?"

"జ్వరమండీ. లేవలేకపోయాను."

"లేచాక కూజా తేడాగా అనిపించలేదా?"

"తేలిగ్గా అనిపించింది. జ్వరం తగ్గిన చేతులకు అన్నీ తేడాగానే ఉంటాయి కదా అనుకున్నాను."

క్యూరేటర్ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. దుకాణం సంగతి అడిగితే దాచలేదు. "కావాలనే అన్నానండీ. రొట్టె చూడ్డానికి ఎంతమంది వస్తారు? కానీ గది కోసం పిండిలో ఈస్ట్ కలిపేంత తీరిక నాకు లేదు."

"దేవుడి ముందు పెట్టిన బీరు తరువాత ఏమవుతుంది?"

"అక్కడే మా ఇద్దరికీ గొడవ. ఆ ఆలయాల్లో నైవేద్యం దేవుడికి చూపించాక పూజారులూ పనివాళ్లూ పంచుకునేవాళ్లు. ఇక్కడా అలాగే పంచాలంటుంది ఈవిడ. ప్రదర్శన వస్తువును తాగేస్తే రిజిస్టర్‌లో ఏమని రాయను? అందుకే ప్రతి జాడీకీ మూతి మట్టితో మూయించి, నా ముద్ర కొట్టి, తేదీ వేసి చల్లటి స్టోరులో పెట్టించాను. తాళం నా దగ్గరే ఉంటుంది."

"పిసినారితనానికి ముద్ర కూడానా," అని గొణిగింది రొట్టెలావిడ.

"ఆ బీరును మీరు కాచి పోస్తారా?" అని పరిశోధకురాలు ఆమెను అడిగింది.

"కాచనండీ, వడకట్టను కూడా. మడ్డి అడుగునే ఉంటుంది."

మరిది మ్యూజియం పెరట్లో రేకుల షెడ్డులో ఉన్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, చేతులు మట్టిలో, కళ్లు నేలమీద.

"వదినకు జ్వరం వచ్చినప్పుడు తోడుకు మేత ఎవరు వేశారు?"

"నేనే. వదిన చెప్పినట్టే."

"కూజాలు చక్రం మీద చేస్తావా, అచ్చులోనా?"

"చక్రం మీదేనండి. అచ్చులో చేస్తే పనితనమేముంది?"

అతని వెనక, సంచుల కింద, కూజా ఆకారపు ప్లాస్టర్ అచ్చు రెండు ముక్కలు కనిపిస్తున్నాయి. ఆమె వాటి గురించి అడగకుండా, బల్లమీది రెండు రొట్టె అచ్చులను పక్కపక్కన నిలబెట్టింది. "రెండూ ఒకటే కదా, ఇదెందుకు పెద్దగా ఉంది?"

"అది పచ్చిదండి. ఆరి, కాలితే దిగి చిన్నదవుతుంది," అన్నాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు ఆమె అందరినీ వంటగదిలో కూర్చోబెట్టింది. కిందటి నెల అయిదో తేదీ ముద్రతో ఉన్న బీరు జాడీని క్యూరేటర్ చేతనే తెప్పించి బల్లమీద పెట్టించింది.

"ముందు ఈవిడ సంగతి. మోసం చేసేవాళ్లు తమ మోసానికి గంటా నిమిషమూ రాసిపెట్టుకోరు. గంటన్నరలో పొంగిందని రాసింది అంటే, ఆ మార్పు ఆమెకు తెలియకుండా జరిగింది. ఇక క్యూరేటర్ గారు. తోడు మార్చాలనుకునే మనిషి తోడు మారుస్తాడు, కూజా మార్చడు. కానీ ఇక్కడ కూజా కూడా మారింది. పాతది ఆరు అంగుళాల మచ్చ వేసింది. ఇప్పుడున్నదాని అడుగు అయిదున్నరే. అందుకే పిండి మూత దాటింది. పాత కూజా మీద అచ్చు తీసి కొత్తది చేస్తే, మట్టి ఆరి, కాలి, అంతమేరకు చిన్నదవుతుంది. పాతది బాగుంటే కొత్తది అక్కర్లేదు, అంటే పాతది పగిలింది. అతికించి అచ్చు తీసి, వారంలో కొత్తది చేయగలిగిన చేతులు ఇక్కడ రెండే ఉన్నాయి."

మరిది లేచి నిలబడ్డాడు.

"ఎనిమిదో తేదీన వాన, చలి. తోడు పొంగడంలేదు. మేలుకుంటుందని కుండల బట్టీ మీద పెట్టాను. కూజా పగిలింది, ముద్ద ఉడికిపోయింది. అంగట్లో ఈస్ట్ కొని, కలిపి, కొత్త కూజాలో పెట్టాను. లేచాక చెబుదామనుకున్నాను. వదిన లేచి, ఆ అంగడి తోడును చూసి, 'బాగా చూసుకున్నావురా' అంది. ఇక నోరు పెగల్లేదు."

"పరీక్షలో తేలాక?"

"అసలుది చచ్చిపోయింది కదండీ. అసలుదంటూ ఎప్పుడూ లేదంటారు. నేను చెప్పేది వదినను కాపాడ్డానికి కట్టిన కథంటారు. ఏం చూపించను?"

"అదిగో, దాన్ని," అంది పరిశోధకురాలు జాడీవైపు చూస్తూ. "దీనికి ముద్ర పడింది కూజా పగలడానికి మూడు రోజుల ముందు. క్యూరేటర్ గారి ముద్ర, క్యూరేటర్ గారి తాళం. కాచని, వడకట్టని బీరు కాబట్టి, అడుగు మడ్డిలో పాత తోడు ఇంకా బతికే ఉండాలి. అప్పుడే పంచి ఉంటే ఇవాళ చుక్క మిగిలేది కాదు. ఆయన రూలు తప్పే కావచ్చు, మనకు మాత్రం కలిసివచ్చింది. మూత తీయండి సార్."

క్యూరేటర్ తన ముద్రను తానే పగలగొట్టాడు. రొట్టెలావిడ అడుగు మడ్డిని రెండు చెంచాలు తీసి, పిండీ నీళ్లూ కలిపి, ఆ చిన్న కూజాను మరుగుతున్న నీళ్లతో కడిగించి, అందులోనే పోసింది. అప్పుడు ఎనిమిది గంటలు.

ఎవరూ ఇంటికి వెళ్లలేదు. పదకొండుకు కదలిక లేదు. మధ్యాహ్నం రెండు గంటలకూ లేదు. మేష్టారు గడియారం చూడటం మానేసి కిటికీ చూడటం మొదలుపెట్టాడు.

"ఈ నెలంతా సరిగ్గా తినకపోతే, నువ్వు ఎవరినో ప్రేమించావనుకున్నాను," అంది రొట్టెలావిడ మరిదితో, ముఖం తిప్పకుండానే. "పిల్ల ఎవరో కనుక్కుందామని చూస్తున్నాను కూడా."

"తిట్టు వదినా."

"తిడతాను. ముందు ఇది లేవనీ."

నాలుగూ యాభైకి పైపొర మీద ఒక బుడగ లేచి పగిలింది. తరువాత మూడు. గదంతా పచ్చి ఆపిల్ వాసన వేసింది. క్యూరేటర్ ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అంగడి ఈస్ట్ కణాలు గుండ్రంగా ఉంటాయి. ఇవి బార్లీగింజల్లా పొడుగ్గా ఉన్నాయి. నాలుగేళ్ల కిందట తానే సంతకం చేసిన అసలు తోడు కణాల బొమ్మను పక్కన పెట్టుకుని ఆయన చాలాసేపు చూశాడు.

"అమ్మా, క్షమించండి," అన్నాడు. "ఆరింటికి నేనే వెళ్లి చెబుతాను."

రొట్టెలావిడ మరిది తలమీద ఒక్కటి వేసి, అదే చేత్తో అతని జుట్టులోంచి మట్టి దులిపింది.

మెట్లు దిగుతూ మేష్టారు అన్నాడు: "ఆ అర అంగుళం నిన్ననే మీకు అర్థమైంది కదండీ. మరి ఇవాళ దాకా ఎందుకు ఆగారు?"

"దోషి దొరికాడు కానీ తోడు దొరకలేదు మేష్టారూ. ఆవిడకు కావలసింది తోడు."

అక్కడినుంచి పదహారేళ్ల పాటు, ఆ మ్యూజియం రిజిస్టర్‌లో, ప్రతిరోజూ నైవేద్యం ఎదుట క్యూరేటర్ దస్తూరీతో ఒకే మాట ఉంది: పంచడమైనది.